ఫిడేలు శ్రుతి నిలవకపోతే ముందు తోకవైపు చూడండి

విశాఖ ఎంవీపీ కాలనీ నుంచి వచ్చిన ప్రశ్న క్లుప్తంగా ఇది. పన్నెండేళ్ళ అమ్మాయి రెండేళ్ళుగా కర్ణాటక వయొలిన్ నేర్చుకుంటోంది. వాద్యం ఆన్‌లైన్‌లో కొన్న ఫుల్ సైజుది. క్లాసులో రెండున్నర శ్రుతి (షడ్జం డి షార్ప్). ఇంట్లో అక్క పాటకు పక్కన కూర్చుంటే అయిదు శ్రుతి (షడ్జం జి). వానలు మొదలైనప్పటి నుంచి శ్రుతి నిలవడం లేదు, గుర్రం (తీగల్ని ఎత్తి పట్టే బ్రిడ్జి) రెండుసార్లు పడిపోయింది, గడ్డం ఆనే చిన్‌రెస్ట్ దగ్గర ఏదో జిర్రుమంటోంది, వాయిస్తుంటే వాద్యం తల పాదం మీంచి జారిపోతోంది. తీగలు మార్చాలా, షోల్డర్ రెస్ట్ కొనాలా, వాద్యమే మార్చేయాలా?

వాద్యం మార్చొద్దు. షోల్డర్ రెస్ట్ కొనొద్దు. తీగలు తుప్పు పట్టి ఉంటే తప్ప వాటినీ కదపొద్దు. మీరు చెప్పిన నాలుగు ఇబ్బందులూ తీగల్ని పట్టి ఉంచే భాగాల దగ్గరా, వాద్యాన్ని ఒంటికి ఆనించే భాగాల దగ్గరా పుట్టినవే. ఆ భాగాలన్నీ నిలబడి, గడ్డం కింద పెట్టుకుని, పాశ్చాత్య శ్రుతిలో వాయించేవాళ్ళ కోసం తయారైనవి. మనం కింద కూర్చుని, తల పాదానికి ఆనించి, శ్రుతి దించి వాయిస్తాం. ఈ తేడాని లెక్కలోకి తీసుకుని వాద్యాన్ని సర్దితే, మామూలు ధర ఫిడేలు కూడా బుద్ధిగా నిలబడుతుంది.

ముందు శ్రుతి లెక్క చూద్దాం, మిగతాదంతా దాని మీదే ఆధారపడి ఉంది. పాశ్చాత్య పద్ధతిలో శ్రుతి చేసిన మామూలు సింథటిక్ సెట్‌లో నాలుగు తీగల బిగువు మొత్తం సుమారు 22 కిలోలు. తీగ బిగువు దాని స్వరం తాలూకు ఫ్రీక్వెన్సీ వర్గాన్ని (స్క్వేర్‌ని) బట్టి మారుతుంది. రెండున్నర శ్రుతిలో స ప స ప పెట్టినప్పుడు లావు తీగలు రెండూ నాలుగేసి మెట్లు (సెమిటోన్లు) దిగుతాయి, వాటి బిగువు 63 శాతానికి పడుతుంది. సన్న తీగలు రెండూ ఆరేసి మెట్లు దిగుతాయి, వాటి బిగువు సరిగ్గా సగం అవుతుంది. అన్నీ కలిపితే 12 కిలోలు. అయిదు శ్రుతిలో లావు తీగలు ఉన్నచోటే ఉంటాయి, సన్న తీగలు రెండేసి మెట్లు దిగి 79 శాతానికి వస్తాయి. మొత్తం 19 కిలోలు. అంటే మీ అమ్మాయి క్లాసుకీ ఇంటికీ మధ్య వాద్యం మీద ఏడు కిలోల బరువు ఎక్కుతోంది, దిగుతోంది, వారానికి ఎన్నిసార్లో. గుర్రం, తోకవైపు తాడు టెయిల్‌గట్, లోపల నిలబడే పుల్ల సౌండ్‌పోస్ట్ ఈ మూడూ ప్రతిసారీ కాస్త కదులుతాయి. అవి స్థిరపడేలోపే మళ్ళీ మారుస్తున్నారు.

కాబట్టి పైసా ఖర్చు లేని మొదటి మందు: కనీసం ఒక నెల ఒకే శ్రుతిలో ఉంచండి. గురువుగారితో మాట్లాడి ఏదో ఒకటి ఖాయం చేసుకోండి. రెండూ తప్పనిసరైతే రోజూ మార్చకుండా వారానికి ఒక శ్రుతి పెట్టుకోండి, మార్చిన ప్రతిసారీ గుర్రం నిటారుగా ఉందో లేదో చూడండి.

గుర్రం ఎందుకు పడుతోందంటే, తీగ బిగించే బిరడ తిప్పి శ్రుతి పెంచిన ప్రతిసారీ తీగ బిరడ వైపు లాగబడుతుంది, గుర్రం పైఅంచుని తనతో పాటు ఫింగర్‌బోర్డ్ వైపు లాక్కుపోతుంది. శ్రుతి దించినప్పుడు అది పూర్తిగా వెనక్కి రాదు. రెండున్నర నుంచి అయిదుకి పదిసార్లు ఎక్కిస్తే గుర్రం కంటికి కనిపించేంతగా ముందుకు వాలుతుంది. ఒకరోజు తీగలు వదులుగా ఉన్నప్పుడు ధబేలున పడుతుంది. దాంతోపాటు తీగల కింది చివర్లు పట్టి ఉంచే టెయిల్‌పీస్ కూడా పైచెక్క మీద పడి నొక్కు పడుతుంది, ఒక్కోసారి చెక్క చీలుతుంది కూడా.

గుర్రం చోటు సరిచూడటానికి ఒక స్కేలు చాలు. పైచెక్కలోని రెండు ఎఫ్ ఆకారపు రంధ్రాల లోపలి అంచున చిన్న గాట్లు ఉంటాయి, గుర్రం పాదాలు ఆ రెండు గాట్లనీ కలిపే గీత మీద ఉండాలి. ఫుల్ సైజులో పైచెక్క మెడవైపు అంచు నుంచి అక్కడికి 195 మి.మీ. ఉంటుంది, మేరువు (తల దగ్గర తీగలు ఆనే చిన్న గట్టు) నుంచి గుర్రం దాకా మోగే తీగ పొడవు 328 మి.మీ. దగ్గర. పక్క నుంచి చూస్తే గుర్రానికి తోకవైపు ముఖం పైచెక్కకి లంబంగా నిలవాలి. ఫింగర్‌బోర్డ్ వైపు ముఖం కొంచెం వాలుగా చెక్కి ఉంటుంది, దాన్ని చూసి మోసపోకండి. రెండు పాదాలూ పూర్తిగా ఆనాలి, పాదం కింద సిగరెట్ కాగితం దూరితే అది సరిగ్గా కోయని పాదం.

వాలిన గుర్రాన్ని నిలబెట్టాలంటే తీగలు పూర్తిగా వదలొద్దు, అర మెట్టు దించండి చాలు. వాద్యాన్ని ఒళ్ళో పెట్టుకుని, తోక మీ పొట్టవైపు ఉంచుకోండి. రెండు చేతుల బొటనవేళ్ళు ఒకవైపు, చూపుడువేళ్ళు ఇంకోవైపు పెట్టి గుర్రం పైఅంచుని కొద్దికొద్దిగా తోకవైపు లాగండి. పాదాలు కదలకూడదు. తీగ కూర్చునే గాట్లలో 2బి పెన్సిల్ ములికి రుద్దితే తీగ జారుతుంది, గుర్రాన్ని లాగదు. మేరువు గాట్లలోనూ అదే రుద్దండి. శ్రుతి మార్చిన ప్రతిసారీ ఈ పని చేయడం అమ్మాయికే నేర్పండి, రెండు నిమిషాల పని.

ఇక అసలు చోటికి వద్దాం. వీణలో తీగల చివర్లని, వాటిని కట్టే నాగపాశానికి కలిపే ముక్కల్ని మనవాళ్ళు లంగర్లు అన్నారు. ఎంత సరైన మాటో చూడండి. ఓడకి లంగరు ఎంతో వీణకి అవి అంత. ఫిడేలుకి ఆ పని చేసేది టెయిల్‌గట్. టెయిల్‌పీస్ కింది చివర నుంచి బయల్దేరి, అంచున ఉన్న నల్ల చెక్క శాడిల్ మీదుగా వంగి, ఎండ్‌పిన్ గుండీ చుట్టూ తిరిగే చిన్న తాడు అది. నాలుగు తీగల బరువూ ఆ ఒక్క తాడు మీదే. విచిత్రం ఏమిటంటే వాద్యం కొన్నవాళ్ళలో చాలామంది దాన్ని ఎప్పుడూ తిరగేసి చూడరు.

పూర్వం ఇది నిజంగానే పేగు తాడు. ఇప్పుడు ఎక్కువగా సుమారు 2 మి.మీ. మందం నైలాన్, రెండు చివర్లా మరచుట్టు, ఇత్తడి నట్లు. కెవ్లార్ దారం, ఉక్కు తీగ కూడా వాడతారు. చవక సెట్లలో వచ్చే నైలాన్ మొదటి కొన్ని నెలలు సాగుతూనే ఉంటుంది. అది సాగినకొద్దీ టెయిల్‌పీస్ గుర్రం వైపు జరుగుతుంది, శ్రుతి దిగుతుంది. మీరు బిరడ బిగిస్తారు, అది ఇంకా సాగుతుంది. తీగ పాతబడిందనో బిరడ జారుతోందనో అనుకుంటాం, అసలు జారేది తోక.

దీన్ని కొలిచి తేల్చుకోవచ్చు. గుర్రం నుంచి టెయిల్‌పీస్ పైఅంచు గట్టు దాకా ఉన్న తీగ పొడవు, మోగే తీగ పొడవులో ఆరో వంతు ఉండాలి. 328లో ఆరో వంతు అంటే 54 నుంచి 55 మి.మీ. చెవితో కూడా పట్టుకోవచ్చు: షడ్జం పెట్టిన తీగని గుర్రానికి తోకవైపు గోటితో మీటితే, రెండు స్థాయిల పైన ఉండే పంచమం సన్నగా పలకాలి. అది బాగా హెచ్చుగా పలికితే టెయిల్‌పీస్ గుర్రానికి దగ్గరైపోయిందన్న మాట. మీ వాద్యంలో 48, 50 అలా కనబడుతుందని నా అంచనా. అలా ఉంటే గుర్రం మీద ఒత్తిడి తీరు మారి నాదం బిగుసుకుపోతుంది, వంపు గమకాలకి తీగ సహకరించదు. టెయిల్‌పీస్ కింది చివర శాడిల్ లోపలి అంచుకి దాదాపు సమంగా, ఒకటి రెండు మి.మీ. అటూ ఇటూగా ఉండాలి. అది శాడిల్ దాటి కిందికి వేలాడితే తాడు మరీ పొట్టిదైంది. అంతకంటే చాలా పైన ఉంటే పొడుగైంది.

టెయిల్‌గట్ మార్చడం ఇంట్లో చేసుకోవచ్చు, తొందరపడకపోతే. మంచం మీద మెత్తటి తువ్వాలు పరిచి వాద్యాన్ని వెల్లకిలా పడుకోబెట్టండి. టెయిల్‌పీస్ కింద మడత పెట్టిన గుడ్డ దూర్చండి. గుర్రం పాదాల చుట్టూ మెత్తటి పెన్సిల్‌తో సన్నటి చుక్కలు పెట్టుకోండి, తరువాత తుడిచేయొచ్చు. చిన్‌రెస్ట్ విప్పండి. తీగలు నాలుగూ సమంగా, తలా కాస్త చొప్పున వదలండి, ఒకటి పూర్తిగా వదిలి ఇంకోదానికి వెళ్ళొద్దు. ఇక్కడి నుంచి వాద్యాన్ని తిరగేయొద్దు, కుదపొద్దు. తీగల బరువు లేనప్పుడు లోపలి సౌండ్‌పోస్ట్ పడిపోయే ప్రమాదం ఉంది. తాడు గుండీ మీంచి తప్పించి టెయిల్‌పీస్ బయటికి తీయండి. కొత్త తాడు రెండు చివర్లనీ టెయిల్‌పీస్ అడుగు రంధ్రాల్లోంచి దూర్చి, నట్లు చెరొకటి సమాన పొడవులో ఎక్కించండి. ఒక నట్టు అయిదు చుట్లు, ఇంకోటి ఎనిమిది చుట్లు ఎక్కితే టెయిల్‌పీస్ ఒకవైపుకి ఒరుగుతుంది. తోకవైపు తీగ 55 మి.మీ.కి వచ్చేలా తాడు పొడవు సర్దండి, సాగిపోయిన పాత తాడుని కొలతగా పెట్టుకోకండి; కొత్త నైలాన్ కూడా సాగుతుంది కాబట్టి ఇంకో ఒకటి రెండు మి.మీ. పొట్టిగా మొదలుపెట్టండి. నట్టు బయట 2 మి.మీ. తోక వదిలి, వెలుగుతున్న అగరుబత్తి కొస దానికి దగ్గరగా పెడితే నైలాన్ కరిగి చిన్న గుండీలా అవుతుంది, ఇక నట్టు ఊడదు. ఇది వాద్యానికి దూరంగా చేయండి, వార్నిష్ దగ్గర నిప్పు వద్దు. తాడు శాడిల్ మీది రెండు గాట్లలో సరిగ్గా కూర్చుందో లేదో చూసి, తీగలు నాలుగూ కొద్దికొద్దిగా బిగిస్తూ గుర్రం చుక్కల మీదికి వచ్చేలా సర్దండి. శ్రుతికి తెచ్చాక మళ్ళీ కొలవండి, వారం తరువాత ఇంకోసారి. 55 దాటి ఉన్నా కంగారు లేదు, సాగి దగ్గరికి వస్తుంది.

తాడు బదులు హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే కట్టుడు తీగ, గాలపు దారం వాడొద్దు. ఇనుప తీగ శాడిల్‌ని కోసేస్తుంది, గాలపు దారం రబ్బరులా సాగుతుంది. కెవ్లార్ మంచిదే కానీ దాని ముడి వేయడం ఒక విద్య, తెలిసినవాళ్ళ చేత వేయించండి.

ఎండ్‌పిన్ గుండీని కూడా ఒకసారి చూడండి. అది జిగురుతో అతికించినది కాదు, శంకువులా కోసిన కొస రంధ్రంలో ఒరిపిడితో నిలుస్తుంది. గుండీ కాలరు పక్కచెక్కకి చుట్టూ ఆనాలి. తీగలు దాన్ని పైచెక్క వైపు లాగుతాయి కాబట్టి, వదులైతే కింది చెక్క వైపు కాలరు కింద సందు కనబడుతుంది. వేలితో కదిపితే ఊగితే అది శ్రుతిని తినేస్తోందన్న మాటే. ఫెవికాల్, ఫెవిక్విక్ పోయొద్దు. ముందుముందు ఆ గుండీ తీయాల్సి వస్తుంది, ఆ రంధ్రంలోంచే లోపలి సౌండ్‌పోస్ట్ నిలువుగా ఉందో లేదో చూస్తారు. వాద్యాలు బాగుచేసేవాళ్ళు రంధ్రాన్ని రీమర్‌తో సవరించి సరిపడే గుండీ వేస్తారు, చిన్న పని. అప్పటిదాకా తాత్కాలికంగా కొస మీద సుద్దముక్క రుద్ది గట్టిగా నొక్కి తిప్పండి.

శాడిల్ రెండు చివర్లా పైచెక్కకీ దానికీ మధ్య కాస్త సందు ఉండాలి, విజిటింగ్ కార్డు మందం చాలు. శాడిల్ ఎబొనీ, పైచెక్క స్ప్రూస్. ఏసీ గదిలో చెక్క ముడుచుకున్నప్పుడు ఎబొనీ అంతగా ముడుచుకోదు. సందు లేకపోతే శాడిల్ మూల నుంచి పైచెక్క నిలువునా చీలుతుంది. కొత్త ఫిడేళ్ళలో పగులు తరచు కనిపించే చోటు ఇదే. సందు లేకపోతే ఇప్పుడే చెప్పి వేయించండి, పగిలాక అతికించడం పెద్ద పని.

టెయిల్‌పీస్ మీద నాలుగు తీగలకీ విడివిడి లోహపు ఫైన్ ట్యూనర్లు (మర తిప్పి శ్రుతి సన్నగా సరిచేసేవి) బిగించి ఉంటే వాటిలో రెండు లోపాలు. ఒకటి, అవి తీగ పట్టు దొరికే చోటుని గుర్రం వైపు జరుపుతాయి, 55 మి.మీ. లెక్క చెడుతుంది. రెండోది బరువు. విట్నర్ కంపెనీ రకం లాంటి, ట్యూనర్లు లోపలే ఇమిడిన తేలికైన టెయిల్‌పీస్ మన పద్ధతికి బాగా సరిపోతుంది, ఎందుకంటే పక్కవాద్యంలో పాట మధ్య సన్నగా శ్రుతి సరిచేసుకోవాలి, అప్పుడు బిరడ తిప్పడం కుదరదు. ఫుల్ సైజుకి 110 మి.మీ. దగ్గర పొడవున్నది తీసుకోండి. కొనేముందు మొదటి తీగ చివర గుండ్రటి పూస ఉందో, ఉట్టి ఉచ్చు ఉందో చూడండి. పూసకి చీలిన కొక్కెం కావాలి, ఉచ్చుకి ఒంటి కొక్కెం. సింథటిక్ తీగని పదునైన ఒంటి కొక్కేనికి తగిలిస్తే అక్కడే తెగుతుంది.

ఉన్న ట్యూనర్లే వాడుకుంటే, మర పూర్తిగా బిగిసినప్పుడు కింద లివరు పైచెక్కని గీరుతుంది. టెయిల్‌పీస్ కింద చూపుడువేలు దూర్చి లివరు ఎంత దిగిందో తడమండి. చెక్కకి దగ్గరగా ఉంటే మర దాదాపు పైదాకా వదిలి, బిరడతో శ్రుతి సరిచేసి, మళ్ళీ మధ్యలో ఉంచండి. బీచ్‌కి దగ్గర ఇళ్ళలో ఈ మరలు ఉప్పుగాలికి బిగుసుకుపోతాయి. రెండు నెలలకోసారి మర బయటికి తీసి అగ్గిపుల్ల కొసతో వాసెలిన్ చుక్క రాయండి. కొబ్బరినూనె వద్దు, చల్లటి రోజుల్లో గడ్డకడుతుంది, చెక్కలోకి పాకుతుంది.

ఇప్పుడు జిర్రుమనే చోటు, చిన్‌రెస్ట్. 1820 ప్రాంతంలో జర్మన్ విద్వాంసుడు లూయీ ష్పోర్ దీన్ని కనిపెట్టినప్పుడు టెయిల్‌పీస్ మీదుగా మధ్యలో పెట్టాడు. తరువాత ఎడమవైపుకి జరిపిన రకాలు వచ్చాయి. మన సంగీతంలోకి ఫిడేలు తెచ్చినవాడిగా చెప్పే బాలస్వామి దీక్షితార్ ఆ వాద్యం పట్టిన రోజులకి ఆ భాగం ఇంకా వాడుకలో లేదు. కూర్చుని, వాద్యం వెనుకవైపు ఎడమ ఛాతీకి, భుజం కిందికి ఆనించి, తలని పాదం దగ్గర నిలిపే మన పద్ధతికి గడ్డంతో గట్టిగా పట్టుకోవాల్సిన అవసరం లేదు. మనకి చిన్‌రెస్ట్ చేసే పని వేరు: చెమట వార్నిష్‌కి తగలకుండా చూడటం, తోకవైపు అంచుకి ఒత్తుకోని ఆనిక ఇవ్వడం. అందుకే మధ్యలో, ఎండ్‌పిన్‌కి రెండువైపులా బిగించే తక్కువ ఎత్తు రకం మనకి మేలు. దాని బిగింపు లోపలి దిమ్మె ఉన్నచోట పడుతుంది. పక్కకి జరిపిన రకం 1 మి.మీ. మందం ఉండే పక్కచెక్క దగ్గర ఒత్తుతుంది, గట్టిగా బిగిస్తే అతుకు ఊడుతుంది, చెక్క చీలుతుంది.

జిర్రుమనడానికి నాలుగు కారణాలు, ఈ వరుసలోనే చూడండి. మొదటిది, చిన్‌రెస్ట్ అడుగు టెయిల్‌పీస్‌కి తగలడం. ఖాళీగా ఉన్నప్పుడు తగలకపోవచ్చు, అమ్మాయి ఛాతీతో ఒత్తినప్పుడు తగులుతుంది. కూర్చోబెట్టి, ఒత్తి, మధ్యలో 2 మి.మీ. సందు మిగులుతుందో లేదో చూడండి. రెండోది, బిగింపు గొట్టాలు పక్కచెక్కకి తగలడం. రెండింటి మధ్యా కాగితం ముక్క ఎక్కడా ఆగకుండా జారాలి. మూడోది, కార్క్ పలచబడటం. చిన్‌రెస్ట్‌కీ చెక్కకీ మధ్య పైనా కిందా 1.5 నుంచి 2 మి.మీ. కార్క్ ఉండాలి. కార్క్ రేకు కొని కోసి, పాతది గీకేసి, చిన్‌రెస్ట్ వైపు మాత్రమే ఫెవికాల్‌తో అతికించండి, పూర్తిగా ఆరాకే బిగించండి. రబ్బరు వద్దు, ఎండకి అది వార్నిష్‌కి అతుక్కుంటుంది. నాలుగోది, వదులు. గొట్టాల రంధ్రాల్లో దూర్చే సన్నటి తాళం దొరుకుతుంది. రెండు గొట్టాలూ మార్చి మార్చి పావు చుట్టు చొప్పున తిప్పండి. తాళం కొస గొట్టం అవతలికి వెళ్ళి పక్కచెక్కని గీరకుండా, కొసకి కాస్త ఇవతలే ఆపండి. వేళ్ళతో కదిపితే కదలకుండా ఉంటే చాలు, ఇంకో పావు చుట్టు కోసం ఆశపడొద్దు. వానాకాలంలో చెక్క ఉబ్బి దానంతట అదే బిగుస్తుంది, ఏసీ వేసే వేసవిలో వదులవుతుంది. కాలం మారినప్పుడల్లా సరిచూసుకోవాలి.

షోల్డర్ రెస్ట్ ఎందుకు వద్దంటే, అది నిలబడినప్పుడు భుజం మీద వాద్యాన్ని ఎత్తి పట్టడానికి చేసినది. కూర్చున్నప్పుడు దాని కాళ్ళు ఛాతీకి గుచ్చుకుంటాయి, వాద్యాన్ని ఒంటి నుంచి దూరం నెడతాయి, అప్పుడు తల పాదం మీంచి ఇంకా జారుతుంది. నూలు రుమాలు నాలుగు మడతలు పెట్టి ఛాతీ దగ్గర ఉంచితే చాలు. నైలాన్ చున్నీ, శాటిన్ లంగా మీద ఫిడేలు నిలవదు, సాధనకి నూలు బట్టలు వేయించండి.

జారడానికి అసలు కారణం పాదం దగ్గర ఉంది. మన పద్ధతిలో వాద్యానికి రెండు ఆనికలు: ఛాతీ, కుడి చీలమండ. రెండూ స్థిరంగా ఉంటే ఎడమచేతికి వాద్యాన్ని మోసే పని ఉండదు, అప్పుడే జారుడు, కంపితం లాంటి గమకాలు నిశ్చింతగా పలుకుతాయి. విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామినాయుడు గారు 1919లో అధ్యాపకులుగా చేరినప్పటి నుంచి మన ఉత్తరాంధ్రలో ఫిడేలు నేర్పే ఇళ్ళన్నిటా ఈ కూర్చునే తీరుని అంత పట్టుగా చెప్పేది అందుకే. తల వెనుక వంపు చీలమండ మీద కూర్చోవాలి. బిరడ ఎట్టి పరిస్థితిలోనూ పాదానికి తగలకూడదు. బిరడ మీద బరువు పడితే అది సన్నగా తిరుగుతుంది, శ్రుతి దిగుతుంది, మీరు మళ్ళీ తీగనే అనుమానిస్తారు. అమ్మాయి ఇంట్లో టైల్స్ మీద నేరుగా కూర్చుంటుంటే మడమే జారుతోంది. మందం జంపఖానా పరచండి, మేజోళ్ళు విప్పించండి, చీలమండ మీద చిన్న నూలు గుడ్డ వేయండి.

వాద్యం సైజు కూడా చూసుకోండి. ఫుల్ సైజు ఫిడేలు మొత్తం పొడవు 59, 60 సెం.మీ. ఉంటుంది. పన్నెండేళ్ళ పిల్లకి కుడికాలు చాచినా తల చీలమండ దాటి ముందుకు పోతుంటే, వాద్యం వాలు నిలువుగా మారి జారుతుంది. అప్పుడు ఒక ఏడాది ముప్పావు సైజు అద్దెకో అరువుకో తీసుకోవడం మేలు. తల చీలమండకి అందితే సైజు సరిపోయినట్టే, మార్చొద్దు.

ఇంకొక్క భాగం, కంటికి కనబడనిది, సౌండ్‌పోస్ట్. పైచెక్కకీ అడుగుచెక్కకీ మధ్య, సన్న తీగ వైపు గుర్రం పాదానికి 2, 3 మి.మీ. వెనక, 6 మి.మీ. మందం స్ప్రూస్ పుల్ల నిలబడి ఉంటుంది. జిగురు ఉండదు, ఒత్తిడితోనే నిలుస్తుంది. రెండున్నర శ్రుతిలో ఒత్తిడి తక్కువ కాబట్టి, కాస్త పొట్టిగా కోసిన పుల్ల గుర్రం పడినప్పుడు పడిపోతుంది. మీ గుర్రం రెండుసార్లు పడింది కదా, తప్పకుండా చూడండి. ఎఫ్ రంధ్రంలోంచి మొబైల్ టార్చి వేసి చూస్తే కనబడుతుంది. లోపల ఏదో దొర్లిన చప్పుడు వచ్చినా, పుల్ల వాలి కనబడినా, వెంటనే తీగలన్నీ వదిలేయండి. పుల్ల లేకుండా బిగువు ఉంచితే పైచెక్క కుంగుతుంది. దాన్ని నిలబెట్టడానికి ఎస్ ఆకారపు పనిముట్టు కావాలి. ఇంట్లో కత్తెరతో, చువ్వతో ప్రయత్నిస్తే ఎఫ్ రంధ్రం అంచు పగులుతుంది.

బిరడల గురించి తక్కువ మాటల్లో: వానాకాలంలో ఉబ్బి బిగుసుకుంటే బలవంతంగా తిప్పొద్దు. బయటికి లాగి, మెరుస్తున్న రెండు పట్టీల మీద పొడి సబ్బు ఒక గీత, సుద్ద రెండు గీతలు రుద్ది, చుట్టూ తిప్పి మళ్ళీ పెట్టండి. తీగ చుట్లు బిరడ తలవైపు, బిరడలు దూర్చే పెట్టె గోడ దగ్గరికి వచ్చి ఆగాలి.

వాద్యం దాచే పెట్టెలో చిన్న డిజిటల్ తేమ మీటరు పెట్టుకోండి. 45 నుంచి 60 శాతం వాద్యానికి హాయి. మన ఊళ్ళో వానల్లో 80 దాటడం మామూలే. సిలికా జెల్ సంచులు పెట్టెలో ఒకటి రెండు చాలు, వాటిని నెలకోసారి ఎండబెట్టాలి. తడి గది నుంచి నేరుగా ఏసీ గాలి కిందికి తేవడమే అన్నిటికంటే చెడ్డది. పెట్టె మూసి అరగంట గదిలో ఉంచి అప్పుడు తెరవండి. బీచ్ రోడ్డు మీద ఎండలో ఆపిన కారులో వదలొద్దు, అతుకుల జిగురే మెత్తబడుతుంది.

ఈ వారం చేయాల్సిన వరుస: శ్రుతి ఒకటి ఖాయం చేయడం, టార్చి వేసి సౌండ్‌పోస్ట్ చూడటం, గుర్రం నిటారు చేయడం, తోకవైపు పొడవు కొలవడం, కాగితం ముక్కతో చిన్‌రెస్ట్ చూడటం, జంపఖానా. పుల్ల వాలినా, ఎండ్‌పిన్ ఊగినా, శాడిల్ చివర సందు లేకపోయినా మాత్రమే బాగుచేసేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళండి. వెళ్ళేటప్పుడు వాద్యం ఏ శ్రుతిలో ఉంటుందో, కొత్త పుల్ల కోస్తే ఆ బిగువుకి తగినట్టు కోయమని ముందే చెప్పండి. చెప్పకపోతే పాశ్చాత్య శ్రుతికి బిగించి, సరిచూసి ఇస్తారు, ఇంటికొచ్చి దించగానే అది మళ్ళీ వదులవుతుంది.